రిటైరైన గొట్టానికి పొరుగున

పోయిన వారం నన్ను నేనే తీర్పుగారి గది గుమ్మం బయట నిలబెట్టి, మిమ్మల్ని కూడా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాను. ఆ తలుపు తెరుచుకునేలోపు, కొత్తగా వచ్చినవాళ్ళకు సంగతి చెబుతాను. పాతవాళ్ళు కాస్త ఓర్చుకోండి.

మాది అణు విద్యుత్ కేంద్రంలో గొట్టాలు చదివే ఉద్యోగం. రియాక్టర్ దగ్గర కాగిన నీళ్ళు అక్కడ వేల సన్న గొట్టాల్లో తిరుగుతుంటాయి. గొట్టాల బయట ఉన్న నీళ్ళు ఆ వేడికి ఆవిరై టర్బైన్‌ను తిప్పుతాయి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ చచ్చినా కలవకూడదు. రెండింటికీ మధ్య అడ్డుగా ఉన్నదల్లా నాణెం మందం కూడా లేని గొట్టం గోడ. బయటి నీళ్ళు హోరుమంటూ పరుగెడుతుంటే గొట్టాలు వణుకుతాయి. కంటికి కనపడని వణుకే, కానీ ఏళ్ళ తరబడి వణికితే గొట్టం తనను పట్టి ఉంచిన పలకలకే రాసుకుని అరుగుతుంది. ఎంత అరిగిందో చూడటానికి కేంద్రాన్ని ఆపేసి, ఒక్కో గొట్టంలోకీ తీగ చివర ప్రోబ్ అనే చిన్న పరికరం కట్టి పంపి వెనక్కి లాగుతారు. అది తెర మీద వంకర గీతలు గీస్తుంది. ఆ వంకరల్లో ఏది అరుగుదలో, ఏది ఒట్టి మురికో చెప్పడమే మా పని. మరీ అరిగిపోయిన గొట్టానికి రెండు చివరలా బిరడా కొట్టి మూసేస్తారు. దాన్ని మేం రిటైరైన గొట్టం అంటాం. రిటైరయ్యాక దాని మొహం ఎవరూ చూడరు.

ఒకే గొట్టాన్ని ఇద్దరు మనుషులు వేరువేరు గదుల్లో కూర్చుని చదవాలి. చదివింది అప్పజెప్పేదాకా ఒకరితో ఒకరు దాని ఊసెత్తకూడదు. ఇద్దరి మాటలకూ తేడా వస్తే మూడో మనిషి ఏది సరైనదో తేలుస్తారు. ఆయన్ను మేం ఎదురుగా సార్ అంటాం, వెనకాల తీర్పుగారంటాం.

మొదటి గదిలో చదివేది మా అక్క. అక్కంటే తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. రెండో గదిలో నేను. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే అత్తయ్య అదుపులో ఉంటున్నామని తెలిసినప్పుడు పైవాళ్ళు ఉలిక్కిపడ్డారు. తీర్పుగారే నవ్వేసి, "తోడికోడళ్ళు ఒక్క మాట మీద ఉండటం మీరెక్కడైనా చూశారా? ఇంతకంటే స్వతంత్రంగా చదివేవాళ్ళు మనకు దొరకరు" అన్నారు. ఆయన అంచనా ఇన్నాళ్ళూ తప్పలేదు. నేను మురికి అన్నదాన్ని ఆవిడ అరుగుదల అంటుంది. ఆవిడ అరుగుదల అన్నదాన్ని నేను ఎందుకో అనుమానంగా చూస్తాను.

అలాంటిది, నిన్న ఉదయం ఇద్దరం అప్పజెప్పిన చదువుల్లో ఒకే గొట్టం మీద, ఒకే ఎత్తులో, అరుగుదల అని ఉంది. అదీ ఎక్కడ? రెండు పలకల మధ్య, గొట్టాన్ని ఏదీ తాకని చోట! రాసుకోవడానికి ఏమీ లేని చోట గొట్టం ఎలా అరుగుతుంది? అక్కడ వంకర కనిపిస్తే ఎవరైనా మురికి అని కొట్టిపారేస్తారు. మేమిద్దరం కొట్టిపారేయలేదు. మొన్న చదివి నిన్న అప్పజెప్పాం కదా, మధ్యలో మాకొక ఇల్లుంది, ఆ ఇంట్లో ఒక వంటగది ఉంది. అక్కడ కూడబలుక్కుని వచ్చామని తీర్పుగారి అనుమానం. అందుకే ఇవాళ పిలిపించారు.

తలుపు తెరుచుకుంది.

"మీరొక్కరే లోపలికి రండమ్మా," అన్నారు తీర్పుగారు. అక్కను వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు.

ఆయన గదిలో రెండు తెరలు, ఒక కుర్చీ, దాని మీద పడేసిన స్వెట్టరు ఉంటాయి. బల్ల మీద కాగితాలు ఎగరకుండా జానెడేసి గొట్టం ముక్కలు కొన్ని పెట్టుకుంటారు. స్వెట్టరు తీసి నాకు కుర్చీ ఇచ్చి, ఆయన కిటికీకి ఆనుకుని నిలబడ్డారు.

"ఒక్కటే ప్రశ్న. మొన్న ఇంటికెళ్ళాక గొట్టాల గురించి మాట్లాడుకున్నారా?"

"లేదండీ."

"ఒక్క మాట కూడా?"

"మా అత్తయ్య ఊరుకోరు సార్. ఆఫీసు గొట్టాలు ఇంట్లోకి తెస్తే భోజనం పెట్టనంటారు. మొన్న సాయంత్రం గరిటెలు మోగిస్తున్నానని నాకు చివాట్లు కూడా పడ్డాయి. ఆ పూట మా ఇంట్లో లోహం గురించి వచ్చిన మాటంటే అదొక్కటే."

"మీ అత్తగారిని అడిగినా ఇదే చెబుతారా?"

"నిక్షేపంగా అడగండి. ఆవిడ అబద్ధం చెప్పరు. చెప్పి తీరాల్సిన చోట కూడా చెప్పరు. మావారు గురక పెడతారని పెళ్ళికి ముందే నాకు చెప్పేసిన మనిషి ఆవిడ."

ఆయన నవ్వలేదు. నవ్వుతారనుకుని నేను ముందే మొదలుపెట్టిన నవ్వును మధ్యలో ఆపుకోవాల్సి వచ్చింది.

"చూడండమ్మా. మీరు మాట్లాడుకున్నారని తేలితే ఇద్దరి సర్టిఫికెట్లూ పోతాయి. అది మీ బాధ. నా బాధ వేరే ఉంది. మీరు చదివినదంతా చెత్తబుట్టలోకి పోతుంది, దాంతోపాటు ఈ గుర్తు కూడా. ఏమీ లేని చోట అరుగుదలేంటని పైవాళ్ళు ఇప్పటికే మూతి విరుస్తున్నారు. మురికి అని రాయించుకుని ఎల్లుండి కేంద్రాన్ని నడిపించేస్తారు. అది నిజంగా అరుగుదలే అయితే?"

"అరిగి అరిగి చిల్లు పడుతుంది. లోపలి నీళ్ళు బయటికొచ్చేస్తాయి."

"అందుకే అడుగుతున్నాను. ఏం రాసుకుంది దానికి?"

ఈ ప్రశ్న కోసమే మొన్నటి నుంచీ నా నాలుక దురద పెడుతోంది. బల్ల మీది గొట్టం ముక్కలు రెండు తీసుకుని పక్కపక్కన నిలబెట్టాను.

"పక్కన ఏమీ లేదని అందరూ అంటున్నారు గానీ, పక్కన ఇంకో గొట్టం ఉంది సార్."

"అది ఎప్పుడో రిటైరైంది."

"రిటైరైందంటే మనం చూడటం మానేశాం, అంతే. అది వణకడం మానేసిందా? దాని లోపల నీళ్ళు లేవు, సరే. బయట నీళ్ళు అలాగే కొడుతున్నాయి కదా? దాన్ని మూసేసిన రోజుకే అది పలకల దగ్గర అరిగి వదులైంది. ఆ తర్వాత ఇంకెంత వదులైందో మనకెవరికీ తెలీదు. పట్టు తప్పినది ఊగి పక్కదానికి తగిలితే?"

ఒక ముక్కను వేలితో తోశాను. అది రెండోదానికి తగిలి టింగుమంది. తీర్పుగారు నా వేలి వంక చూశారు, ముక్కల వంక చూశారు. ఆయన మొహంలో అనుమానం వెనక్కి తగ్గి, దాని చోట్లో కుతూహలం వచ్చి కూర్చోవడం స్పష్టంగా కనిపించింది.

"రిటైరైన దానికి అటువైపు ఇంకో గొట్టం ఉంటుంది కదా. అదెలా ఉంది?"

"శుభ్రంగా ఉంది సార్. దాన్ని కూడా ఇద్దరం చదివాం, ఇద్దరం బాగుందనే రాశాం."

ఆయన తలూపి, నన్ను బయటికి పంపి అక్కను పిలిచారు.

వరండాలో బెంచీ అక్క కూర్చున్న చోట ఇంకా వెచ్చగానే ఉంది. గాజు తలుపులోంచి ఆవిడ వీపు కనిపిస్తోంది, మాటలు వినపడటం లేదు. అక్క మాట్లాడేటప్పుడు చేతులు కదపదు, మెడ మాత్రం నిటారుగా పెడుతుంది. ఇంట్లో బావగారు ఆ మెడ చూడగానే వాదన మానేసి వెళ్ళి కూరగాయలు కడుగుతారు. తీర్పుగారు ఏదో అడిగారు. ఆవిడ చూపుడువేలూ బొటనవేలూ దగ్గరగా పెట్టి ఏదో చిన్న వస్తువు కొలత చూపించింది. అంత చిన్నదేంటా అని నేను తల బద్దలుకొట్టుకున్నాను. ఊగే గొట్టానికి అంత చిన్న కొలత ఎక్కడిది?

కాసేపటికి ఇద్దరినీ కలిపి లోపల నిలబెట్టారు. తీర్పుగారు ఆ రోజుకు మొదటిసారి నవ్వారు.

"ఈ చిన్నావిడేమో పక్కగొట్టం ఊగి కొడుతోందంటున్నారు. పెద్దావిడేమో ఎక్కడో ఊడిపడిన ఇనపముక్క ఇరుక్కుని రాసుకుంటోందంటున్నారు. గుర్తు ఒకటే, కారణం చెరొకటి!"

నాకు ఒళ్ళు మండింది.

"ముక్కేంటి అక్కా? ఊడిన ముక్క కింద పలక మీద పడి ఉంటుంది గానీ, మధ్యలో గాల్లో వేలాడుతూ రాసుకుంటుందా?"

"గాల్లో కాదు, నీళ్ళలో. నీళ్ళు పైకి తోస్తే సందులో ఇరుక్కోదా?"

"ఇరుక్కుంటే ఇన్నాళ్ళూ ఏ చప్పుడూ వినపడదా? ఆ చప్పుడు పట్టడానికే కదా బయట మైకులు పెట్టింది?"

"ఆ మైకులు అన్నీ పట్టేస్తే ఇక మనమెందుకు, ఇంటికెళ్ళి పడుకుందాం."

"చాలు, చాలు," అన్నారు తీర్పుగారు రెండు చేతులూ ఎత్తి. "నాకు నమ్మకం కుదిరింది. కూడబలుక్కున్నవాళ్ళయితే కథ కూడా ఒకటే చెప్పేవాళ్ళు. మీ చదువు చెల్లుతుంది. ఇక ఎవరి మాట నిజమో గొట్టాన్నే అడుగుదాం."

గుండెల మీంచి బండ దించినట్టయింది. అక్క మాత్రం ఊపిరి పీల్చుకోలేదు. నేలవైపు చూస్తూ నిలబడింది. నా మీద కోపమనుకున్నాను.

గొట్టాన్ని అడగడమంటే తిరిగే ప్రోబ్‌ను పంపడం. మామూలు ప్రోబ్ అరిగిందో లేదో చెబుతుంది, ఏ పక్క అరిగిందో చెప్పదు. తిరిగేది నెమ్మదిగా గోడ చుట్టూ తిరుగుతూ వెళుతుంది కాబట్టి ఏ పక్కో కూడా చెబుతుంది. సాయంత్రం కాకముందే బొమ్మ వచ్చింది. ముగ్గురం ఒకే తెర మీదికి వంగాం. పొడుగ్గా, నున్నగా, ఇనపముక్క కొరికినట్టు కాకుండా రుద్ది రుద్ది చదును చేసినట్టుంది గుర్తు. మొహం నేరుగా రిటైరైన గొట్టం వైపే ఉంది.

ఎగిరి గంతేయాలనిపించింది. పెద్దవాళ్ళ ముందు బాగుండదని కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని ఊరుకున్నాను.

"మీరే గెలిచేట్టున్నారు," అన్నారు తీర్పుగారు నాతో. "అయినా ఆవిడ మాట తీసిపారేయను. గొట్టాల సందుల్లోకి సన్న కెమెరా పంపి వెతికిస్తాను. ముక్క ఉందో లేదో అదీ తేలిపోవాలి."

"అక్కర్లేదేమో సార్," అంది అక్క.

వాదన మధ్యలో ఆవిడ వెనక్కి తగ్గడం నేను అంతవరకూ చూడలేదు.

*

ఇంటికి వెళ్ళేటప్పుడు కారు అక్కే నడుపుతుంది. నేను నడిపితే ఆవిడ లేని బ్రేకు తొక్కుతుంటుంది కాబట్టి ఇద్దరికీ ఇదే సుఖం. అప్పజెప్పిన చదువు గురించి మాట్లాడుకోవచ్చు, నిషేధం అక్కడితో తీరిపోతుంది. నేను దారి పొడుగునా ఆగకుండా వాగాను. పొడుగ్గా ఎలా ఉందో, నున్నగా ఎలా ఉందో, ముక్క అయితే ఎలా ఉండేదో అన్నీ చెప్పాను. పెట్రోలు బంకు దాటాక అక్క కారును పక్కకు తీసి ఆపేసింది.

"ఇక ఆపవే," అంది. "ముక్కా లేదు, మన్నూ లేదు. నేను కల్పించి చెప్పాను."

"కల్పించావా? ఎందుకు?"

"మొన్న ఆ వంకర చూసి మురికి అని రాసుకున్నాను. అందరూ రాసేదే నేనూ రాశాను. ఇంటికొచ్చాం. నువ్వు వంటగదిలో కొక్కేలకు తగిలించిన గరిటెల దగ్గర నిలబడ్డావు. మూడు గరిటెల్లో మధ్యదాన్ని వేలితో ఊపి, పక్కదానికి తగిలిస్తున్నావు. మళ్ళీ ఊపుతున్నావు, మళ్ళీ తగిలిస్తున్నావు. అత్తయ్య తిట్టినా నువ్వు ఆపలేదు. నాకు రిటైరైన గొట్టం గుర్తొచ్చింది. పక్కన ఏమీ లేదని ఎలా అనుకున్నానా అనిపించింది."

నేను సీటు బెల్టు విప్పి ఆవిడ వైపు తిరిగాను.

"నిన్న పొద్దున అప్పజెప్పే ముందు నా చదువు దిద్దాను. మురికి తీసేసి అరుగుదల అని రాశాను."

"అక్కా!"

"దిద్దకపోతే ఏమయ్యేది? నీదొక మాట, నాదొక మాట. ఏమీ లేని చోటు కాబట్టి ఆయన మురికి వైపే తీర్పు చెప్పేవారు. నాకు నిజం కనిపించాక మురికి అని ఎలా ఉంచను? ఇవాళ కారణం అడిగారు. పక్కగొట్టం అనడానికి అది నా ఆలోచన కాదు, నీది. పైగా ఇద్దరం ఒకటే చెబితే ఇద్దరినీ కలిపి కడిగేసేవారు. ఏదో ఒకటి అనాలని ముక్క అన్నాను."

ముందు కోపం వచ్చింది. నేను గెలిచానని అంతసేపు మురిసింది ఎవరి మీద? ఆవిడ కావాలని ఓడిపోతే నేను గెలిచినట్టు! ఆ వెంటనే భయం వేసింది. మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు, అయినా తీర్పుగారి అనుమానం నిజమే. అన్నిటికంటే కింద ఇంకోటి ఉంది. తన సర్టిఫికెట్టును అంత తేలిగ్గా పందెం కాసిన ఈ మనిషి మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. అది చెబుదామని నోరు తెరిచాను.

అక్క ఫోను మోగింది. తీర్పుగారు. కారులో స్పీకరు దానంతటదే పలుకుతుంది.

"అమ్మా, కెమెరా వెళ్ళిందండీ. మీరు చెప్పిన ముక్క దొరికింది!"

అక్క స్పీకరు వైపు వంగింది. "దొరికిందా?"

"సరిగ్గా మీరు వేళ్ళతో చూపించిన కొలతే. కింది పలక మీద పడి ఉంది. కాకపోతే బయటి నుంచి వచ్చిన ఇనుము కాదు. పల్చగా, వంపుగా ఉంది. గొట్టం గోడలోంచి ఊడిన పెచ్చులా ఉంది. అంటే రిటైరైన గొట్టం ఊగడమే కాదు, విరుగుతోంది కూడా. మీకు ముక్క సంగతి ఎలా తట్టిందో రేపు పొద్దున్నే వచ్చి చెప్పాలి. పైవాళ్ళు కూడా ఉంటారు."

అక్క నా వైపు చూసింది. "ఏదో... అనిపించిందండీ."

"అదే వివరంగా చెప్పండి. అన్నట్టు, మీ తోడికోడలు పక్కనే ఉన్నారా?"

"ఉందండీ."

"అయితే ఇద్దరికీ చెబుతున్నాను. ఈ క్షణం నుంచి రేపు నా గదిలోకి వచ్చేదాకా ఒకరితో ఒకరు ఈ మాట ఎత్తకండి. విడివిడిగా అడుగుతాను."

ఫోను ఆగిపోయింది. ఇద్దరం ముందు అద్దంలోంచి రోడ్డును చూస్తూ కూర్చున్నాం. చెప్పాల్సినదంతా ఆవిడ అప్పటికే చెప్పేసింది, విన్నదాన్ని నేను చెవిలోంచి వెనక్కి తీయలేను. రేపు నన్ను అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే అక్క సర్టిఫికెట్టు పోతుంది. దాస్తే నాది పోతుంది, బయటపడ్డాక అక్కదీ పోతుంది. ఈ గొడవలో కూడా నా బుద్ధి ఇంకోవైపు లాగుతూనే ఉంది. ఊడింది ఒక్క పెచ్చేనా? మిగతా గొట్టం ఎలా నిలబడి ఉంది? ఆ మాట అక్కను అడగాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఆవిడ కూడా రెండుసార్లు నా వైపు తిరిగి, పెదవి కొరుక్కుని, కారు కదిలించింది.

ఇంటి తలుపు అత్తయ్యే తీశారు. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు.

"ఏమే, మాట్లాడుకోవడం లేదా మీరిద్దరూ? బాగుంది సంబడం. మీ సార్ ఇంటికి ఫోన్ చేశారు."

"ఎప్పుడు?" అంది అక్క.

"ఇప్పుడే, మీరు వచ్చేముందు. మొన్న సాయంత్రం కోడళ్ళిద్దరూ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారమ్మా అని అడిగారు."

"మీరేం చెప్పారత్తయ్యా?" ఇద్దరం ఒక్కసారే అడిగాం.

"ఉన్నదే చెప్పాను. మాటలేమీ లేవండీ, చిన్నది గరిటెల దగ్గర నిలబడి మధ్య గరిటెను పక్క గరిటెకు కొడుతూ ఆడుకుంది, పెద్దది చేతిలో పని మానేసి అదే పనిగా చూస్తూ నిలబడింది, అన్నాను. తప్పా?"

"కాదు. తర్వాత?" అన్నాను.

"ఆయన తర్వాత అడిగారు, ఊపినప్పుడు ఆ మధ్య గరిటె ఒక్కవైపు గరిటెకే తగిలిందా, రెండువైపులా తగిలిందా అని. అంత పెద్ద ఉద్యోగం చేసే మనిషికి మన గరిటెల గొడవ ఎందుకే?"

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మీరేమన్నారు?" అన్నాను.

"ఊగేది ఒక్కవైపుకే ఎలా తగులుతుంది? రెండువైపులా అన్నాను. 'అయ్యో' అని ఫోన్ పెట్టేశారు."

రిటైరైన గొట్టం అటువైపున్న దానికీ తగులుతూ ఉండాలి, కానీ అది శుభ్రంగా ఉందని రాసింది మేమిద్దరమే. దాని మీద మాత్రం మేం నిజంగానే ఒకరికొకరం తెలియకుండా రాశాం.